ఘాటు రాని దిష్టి

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు అయిదుగురు. డెబ్బయ్యేళ్ళ సుబ్బరావమ్మ, ఆమె కోడలు రాజ్యం, పురిటికి పుట్టింటికొచ్చిన పెద్ద మనవరాలు సుబ్బలక్ష్మి, ఎదుట మనిషి నిలబడితే నోరు పెగలని చిన్న మనవరాలు సీతారత్నం, ఉయ్యాల్లో సుబ్బలక్ష్మి మూడు నెలల కొడుకు. సుబ్బరావమ్మ నోట్లోని చుట్టను కూడా కలుపుకుంటే ఆరుగురు. యాభయ్యేళ్ళుగా అది ఆమెను విడిచి ఉన్నది లేదు. మగవాళ్ళంతా మిరపకల్లంలో ఉన్నారు.

పిల్లవాడు నాలుగు రోజులుగా దగ్గుతున్నాడు. పాలు తాగడం లేదు. సుబ్బరావమ్మ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, గుప్పుగుప్పున పొగ వదులుతూ సంగతి తేల్చేసింది.

"దిష్టే! నిన్నొచ్చిన ఎదురింటావిడ కళ్ళు చూశారుగా! రాజ్యం, ఎండుమిరపకాయలు తే."

పిల్లవాడికి దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఆమె పొయ్యి మీదికి వంగి గట్టిగా పీల్చింది. యాభయ్యేళ్ళు చుట్టపొగలో మగ్గిన ముక్కు అది. దానికేం తెలుస్తుంది?

"చూశారా, వీసమంత ఘాటు లేదు! ఎంత దిష్టో!" అంటూ ఇంకో గుప్పెడు వేసింది.

"అత్తయ్యా... ఘాటు... చంపేస్తోంది!" రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుని దొడ్లోకి పరుగెత్తింది. సుబ్బలక్ష్మి కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటోంది. చావిట్లో గేదె కూడా తుమ్మింది.

"నటించకండే! నాకు రాని ఘాటు మీకెక్కణ్ణించి వచ్చింది?" మూడో గుప్పెడూ పడింది.

ఉయ్యాల్లో అప్పటిదాకా వినిపిస్తున్న ఏడుపు ఆగిపోయింది. పిల్లవాడి పెదాలు నీలంగా మారాయి. సీతారత్నం వాణ్ణి గుండెకు కరుచుకుని వీధిలోకి పరుగెత్తింది. అదృష్టం బాగుండి అటే పోతున్న నర్సు కోటిరత్నం వాణ్ణి అందుకుంది. వీపు నిమిరి, నోరు తుడిచి, చాలాసేపు అవస్థ పడ్డాక వాడు గుక్క తిప్పుకుని ఏడ్చాడు.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు," అంది నర్సు, సంగతంతా విని, గుమ్మంలోకొచ్చిన సుబ్బరావమ్మ నోట్లోని చుట్ట చూస్తూ. "వీడి దగ్గుకి కారణం మీ చుట్ట."

"అదేంటి నర్సమ్మా! తాగేది నేను. వాడు దాన్ని ముట్టుకోనైనా లేదే!"

"మిరపకాయలు వేసింది పొయ్యిలో. దగ్గింది పొయ్యా పెద్దమ్మగారూ?"

సుబ్బరావమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. కోడలి ఎర్రటి కళ్ళు చూసింది, పెద్ద మనవరాలి కన్నీళ్ళు చూసింది. చుట్టను కాలికింద నలిపేసి, "ఇక ముట్టను," అని ఒట్టేసింది.

చదువరులారా, ఆ ఒట్టు భోజనం దాకా నిలిచింది. చెయ్యి కడుక్కుని ఆమె గడ్డివామి చాటుకు వెళ్ళింది. కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి, "నా బంగారుతండ్రీ!" అని చేతులు చాచింది. పిల్లవాడున్న గదిగుమ్మంలో సీతారత్నం నిలబడి ఉంది.

"బయటే తాగానే, నీమీద ఒట్టు!"

"నీ కోకలో, నీ ఊపిరిలో ఇంట్లోకి వచ్చేసింది నాయనమ్మా." ఆ పిల్ల తల వంచుకునే ఉంది కాని మాట ఆపలేదు. "ఒక్కరు తాగినా ఆ పొగ ఇంటిల్లిపాదీ తాగినట్టే. వద్దని వాడు చెప్పలేడు, అందుకే నేను చెబుతున్నా. నువ్వు మానేసిన రోజున వాణ్ణి నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతాను."

"ఓసి నీ దుంపతెగ! నీకు నోరెప్పుడొచ్చిందే?" అని సుబ్బరావమ్మ ఇంకా నోరు తెరుచుకుని చూస్తుండగానే సీతారత్నం తలుపు మూసి గడియ పెట్టింది.