రంగు వదిలిన వేళ్ళు

షాహీదాబీని పోలింగు గదిలోంచి బయటికి నెట్టడం మా వీధంతా చూసింది. ప్రొద్దుటూరులో నూలుకు రంగులద్దే వీధి మాది. తొట్లలో ముంచిన చేతుల నీలిరంగు గోళ్ళ సందుల్లోకి దిగితే పండగకు కూడా వదలదు. మేం పనిచేసే రంగుల షెడ్డు ఓనరే కౌన్సిలరుగా నిలబడ్డాడు. అతని ఏజెంటు ఆమె వేలు పట్టుకుని అరిచాడు.

"ఈమె ఓటేసేసింది సార్! సిరా చూడండి!"

"సిరా కాదప్పా, మీ తొట్లో రంగే అది!"

ఆమె మాట ఎవరూ వినలేదు. వాళ్ళ పనిలో అంటిన రంగునే చూపి ఓటు లేకుండా తరిమారు. ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా?

మళ్ళీ ఎన్నికలొచ్చాయి, మళ్ళీ ఓనరే నిలబడ్డాడు. ప్రైవేటు బడి టీచరు శ్రీవిద్య మా వీధిలో మీటింగు పెట్టింది.

"మీ పేరు మీద వేరేవాళ్లు ఓటేసేసినా, టెండర్ ఓటని ఒక కాగితం అడగండి, దాని మీద మీ ఓటు మీరేయొచ్చు. ఇయ్యనని చెప్పే హక్కు ఆఫీసరుకు ల్యా."

"అదంతా సరే మేడం, ఈ చేతి ఏళ్లనేం చేద్దాం?" గఫూర్ నీలం చేతులెత్తాడు.

"పోలింగు దాకా తొట్లో చెయ్యి పెట్టొద్దు," అంది షాహీదాబీ.

"పిల్లోళ్లకేం పెడ్తావ్? ఓటు ఉడకేసి పెడ్తావా?"

"పని చేసినన్నాళ్లు మాత్రం మనల్ని మనుషుల్లెక్క చూసినారా, భాయ్? ఒక్కసారన్నా ఓటేసి సస్తా."

గొణుక్కుంటూనే గఫూర్ కూడా ఒప్పుకున్నాడు. వీధి వీధంతా పని మానేసింది. నిమ్మచెక్కలతో, బ్లీచింగుతో, ఇటుక ముక్కలతో చేతులు తోముకున్నాం. చర్మం ఊడి, అన్నం కలుపుకోలేక చెంచాలతో తిన్నాం. పోలింగు నాడు క్యూలో ఆ పాలిపోయిన చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసరు తలెత్తకుండా చెప్పాడు. "మీ ఓటు పడిపోయిందమ్మా."

షాహీదాబీది ఒక్కటే కాదు, మా అందరివీ పడిపోయాయి.

"టెండర్ ఓటియ్యి సార్."

"ఆ కాగితాలు మాకు రాలేదు. జరుగు."

"జరగం!"

వాకిట్లోనే కూర్చున్నాం. పోలీసులు జుట్టు పట్టి ఈడ్చారు. గొడవ చేయించిందని శ్రీవిద్యను జీపెక్కించారు. ఓనరు పెద్ద మెజారిటీతో గెలిచాడు. బడివాళ్ళు శ్రీవిద్య ఉద్యోగం తీసేశారు, బెయిలు కూడా రాలేదు. మళ్ళీ పోలింగు పెట్టమని మేమిచ్చిన అర్జీకి జవాబు లేదు. వస్తుందని మాలో ఎవరికీ నమ్మకమూ లేదు.

గెలిచిన వారానికి ఓనరు మనిషి షెడ్డు తెరిచాడు.

"అయిపోయింది గదా మీ ఓట్ల పండగ? ఈ పొద్దు రానోళ్లకు ఇంక పనిల్యా."

అందరం గఫూర్ వైపు చూశాం. అతనింట్లో పొయ్యి వెలగడం లేదని మాకు తెలుసు. గఫూర్ తొట్టి దాకా వెళ్ళాడు, వంగాడు. రంగు దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ ఏలికి సిరా పడల్యా. అది పడేదాకా రంగూ పడదు."

షాహీదాబీ పుండు పడిన తన వేలెత్తింది. వీధంతా ఎత్తింది.

ఓనరు మనిషి బూతులు తిడుతూ షెడ్డుకు తాళం వేశాడు. మేం గేటు ముందే కూర్చున్నాం.