అత్తయ్యగారి ‘మీ ఇష్టం’

రెన్‌ఫ్రో వారింటికి కోడలిగా వచ్చిన కొద్ది రోజులకే ఆర్డిత్‌కి ఒక సంగతి తెలిసింది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏ పనీ వద్దనరు. ఆమె పుట్టిన కొండ ఊళ్లో వద్దంటే వద్దు, సరేనంటే సరే. వాళ్ల నాన్న నోట్లో ముద్ద ఉండగానే వద్దనేవాడు, మింగాక సరేననేవాడు. రెండింటికీ ఎవరూ బాధపడేవారు కాదు. ఇక్కడ ఆ మాట వినబడదు గానీ, జరగకుండా ఆగిపోయిన పనులు మాత్రం ఇంటినిండా ఉన్నాయి.

అత్తగారి పేరు ఆటిలీ. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలో కూడా నలగని బట్టల్లో ఉంటుంది. ఆమె గొంతు పెంచగా ఊళ్లో ఎవరూ వినలేదు. ఎవరేమడిగినా, “మీ ఇష్టం తల్లీ. మీకేది బాగుంటే నాకూ అదే,” అంటుంది. ఆ మాట పడగానే మామగారు ఏమరీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ఆడపడుచు వైనెల్ చెంచా కింద పెట్టేస్తుంది. ఆర్డిత్ మొగుడు హాలిస్ మంచినీళ్ల గ్లాసు గుండ్రంగా తిప్పుతూ కూర్చుంటాడు. మర్నాటికి అత్తగారికి తలనొప్పి వస్తుంది. ఆవిడ గదికి పరదాలు దించేస్తారు. ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడుస్తారు. వంటమనిషి ఐడెల్లా కూనిరాగం కూడా మానేస్తుంది. ఎవరడిగారో వాళ్లు ఆ పని మానుకున్నామని చెప్పగానే ఆవిడ తలంటుకున్నంత తేటగా కిందికి దిగి, బిస్కెట్లలోకి పీచ్ జామ్ ఎవరికి కావాలని అడుగుతుంది.

ఇదంతా ఆర్డిత్‌కి వింతగా ఉండేది గానీ, అప్పటికి ఆమెకు ప్రపంచంలో చాలా విషయాలు వింతగానే, ముద్దుగానే ఉండేవి. హాలిస్ షేవింగ్ చేసుకుంటూ చెవి దగ్గర కాస్త సబ్బు నురగ మర్చిపోవడం కూడా ఆమెకు పండగే.

అప్పుడే వాళ్లకి మల్బరీ వీధిలో, విత్తనాల కొట్టు మీద ఉన్న రెండు గదులు కనబడ్డాయి. మెట్లమీద గడ్డివాసన. వీధివైపు పెద్ద కిటికీ. వంటిల్లు ఎంత చిన్నదంటే, ఇద్దరు మనుషులు ఒకరికొకరు తగలకుండా అందులో తిరగలేరు. అదొక లోపమని హాలిస్ అన్నాడు. ఆర్డిత్‌కి అన్నిటికన్నా అదే నచ్చింది. కొట్టు యజమాని పెటస్‌గారు, “ఇంకొక టీచరమ్మ కూడా అడుగుతోంది. శనివారం సాయంత్రంలోగా చెబితే మీకు, లేకపోతే ఆవిడకి,” అన్నాడు. ఆ రెండు గదులు చేజారిపోతే ఇంకెప్పటికీ ఆ పెద్దింటి నుంచి బయటపడలేమని ఆర్డిత్‌కి ఎందుకో గట్టిగా అనిపించింది.

గురువారం భోజనాల దగ్గర హాలిస్ విషయం చెప్పాడు. అత్తగారు బెండకాయ ముక్కను ఫోర్కుతో పక్కకు జరిపి, “మీ ఇష్టం నాన్నా,” అంది.

ఆర్డిత్ లేచి వెళ్లి ఆవిడ చెంప మీద ముద్దు పెట్టింది. “చాలా థాంక్సండీ అత్తయ్యగారూ.”

మామగారి పేపరు కిందికి జారింది. అత్తగారు చెంప తడుముకుంది, అక్కడేదో వాలినట్టు.

గదిలోకి వచ్చాక హాలిస్ ఒక బూటు విప్పి, దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. “థాంక్స్ ఎందుకు చెప్పావు?”

“సరేనన్నారుగా.”

“సరేననలేదు. మన ఇష్టమంది.”

“రెండూ ఒకటేగా.”

“మా ఇంట్లో కాదు.”

“అయితే ఆవిడకి మనం వెళ్లడం ఇష్టం లేదా?”

“లేదు.”

“ఆ మాట నీతో ఎప్పుడు అన్నారు?”

హాలిస్ బూటులోకి తొంగి చూశాడు, సమాధానం అందులో పడిపోయినట్టు. “అనలేదు. అమ్మ ఎప్పుడూ అనదు.”

“మరి నీకెలా తెలుసు?”

“తెలుసంతే.” బూటు కింద పెట్టి, “తెలుసనుకుంటా,” అన్నాడు.

మర్నాడు వరండాలో వైనెల్‌తో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ ఆర్డిత్ ఇదే విషయం కదిపింది. వైనెల్‌కి నర్సు చదువుకని అట్లాంటాలో సీటొచ్చిందనీ, ఆమె వెళ్లలేదనీ ఊరందరికీ తెలుసు.

“వెళ్లొద్దన్నారా అత్తయ్యగారు?”

“నీ ఇష్టం తల్లీ అంది. పైగా అక్కడ చలెక్కువని నాకో మంచి ఉన్ని కోటు కొనిపెట్టింది.”

“మరింకేం?”

వైనెల్ ఆమెవంక జాలిగా చూసింది. “ఆ కోటు వేసుకుని ఎలా వెళ్లగలను వదినా?”

ఆర్డిత్ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. కోటు కొనిపెట్టడం వెళ్లమనడమా, వద్దనడమా? గిన్నె సగం నిండేదాకా ఆలోచించింది. తెగలేదు.

విచిత్రం ఏమిటంటే, ఈసారి అత్తగారికి తలనొప్పి రాలేదు. శుక్రవారమంతా అందరూ ఎదురుచూశారు. మామగారు రెండుసార్లు పైకి వెళ్లి, పరదాలు తీసే ఉన్నాయని చెప్పి వచ్చాడు. శనివారం పొద్దున అత్తగారు టోపీ పెట్టుకుని దిగి, “మధ్యాహ్నం ఆటకి అందరం సినిమాకి పోదాం. నేను ఎప్పటినుంచో అనుకుంటున్న బొమ్మ వచ్చింది,” అంది. దాంతో హాలిస్ మొహం ఇంకా పాలిపోయింది. “తలనొప్పి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు,” అన్నాడు గుసగుసగా. “ఇది నాకు తెలీదు.”

సినిమాహాలు దగ్గర జనం బాగానే ఉన్నారు. పక్కసందులో, నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టే బాల్కనీకి ఎక్కే బయటి మెట్ల మీద వరసలో ఐడెల్లా నిలబడి ఉంది. అత్తగారు చేతి తొడుగు ఊపింది. ఐడెల్లా తలాడించి మెట్లెక్కింది.

సినిమా కథ ఒక పెద్ద తెల్ల స్తంభాల ఇంట్లో జరుగుతుంది. ఆ ఇంటావిడకి అద్దం ముందు నుంచి లేచే పనే లేదు. అయినా మొగుడు తాగుబోతయ్యాడు, మరదలి పెళ్లి చెడింది, పిల్లలు తల్లి అడుగుల చప్పుడు వింటే నిద్రలో ఉలిక్కిపడుతున్నారు. ఆవిడ ఎవరినీ కసరదు, ఎవరికీ అడ్డుచెప్పదు. ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పిల్ల, నేను మా ఊరు వెళ్లిపోతానంటే, ఆవిడ అద్దంలోంచే దాన్ని చూసి, చెవికి ముత్యం పెట్టుకుంటూ, నీ ఇష్టం అంది.

వైనెల్ చటుక్కున ఆర్డిత్ మణికట్టు పట్టుకుంది. హాలిస్ నోటిదాకా తీసుకెళ్లిన పాప్‌కార్న్ అక్కడే ఆగిపోయింది. మామగారు అలవాటుగా పేపరు కోసం ఒళ్లో తడుముకున్నాడు, చీకట్లో ఏమీ దొరకలేదు. అదే క్షణంలో పైన బాల్కనీలోంచి ఎవరో ఒక్కరే పెద్దగా, హాయిగా నవ్వారు. ఆ నవ్వు ఆర్డిత్‌కి తెలిసినదే. వంటింట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు వినబడే నవ్వు.

ఆర్డిత్ మెల్లగా తల తిప్పి అత్తగారిని చూసింది. ఆవిడ ఏడుస్తోంది. రుమాలు తడిసిపోయింది. చివర్లో తెర మీది ఆవిడ కారు లోయలో పడిపోతే, అత్తగారు “అయ్యో తల్లీ” అని పైకే అంది.

బయటికొచ్చాక ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడలేదు. మందులషాపులోనే ఓ పక్క చల్లటి పానీయాలు అమ్మే సోడాబల్ల దగ్గర అందరికీ ఐస్‌క్రీం సోడాలు తెప్పించింది అత్తగారు. ముక్కు తుడుచుకుని, “ఆ బొమ్మలో ఆవిణ్ణి చూస్తే మీకెవరు గుర్తొచ్చారు?” అని అడిగింది.

నాలుగు సోడాల్లో నాలుగు పీల్చుకునే గొట్టాలు ఒకేసారి చప్పుడు చేశాయి.

“ఎవరూ గుర్తురాలేదా? ఏవండీ, మీకు కూడా?”

“చెప్పు, నీకెవరు గుర్తొచ్చారో,” అన్నాడు మామగారు, ఎండలో కూర్చున్నవాడిలా చెమటలు కక్కుతూ.

“మీ అమ్మగారు. అచ్చం ఆవిడే, ఆ చూపుతో సహా.”

మామగారికి సోడా పొలమారింది. హాలిస్ వీపు మీద చరిచాడు.

అత్తగారు ఆర్డిత్ వైపు తిరిగింది. “నేను కొత్తకోడల్ని అయినప్పుడు ఆవిడ నన్ను పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వద్దనేది. ఆ గిన్నె వద్దు, ఆ కిటికీ తియ్యొద్దు, పుట్టింటికి వద్దు. ఆ మాట వినీవినీ నా ప్రాణం విసిగిపోయిందమ్మా. నా పిల్లలకి నేను ఆ మాట చెప్పకూడదనుకున్నాను. ఏనాడైనా చెప్పానా వైనెల్?”

“లేదమ్మా,” అంది వైనెల్, గ్లాసు అడుక్కి చూస్తూ.

“అట్లాంటాకి వెళ్తానంటే వద్దన్నానా?”

“లేదమ్మా. కోటు కొనిపెట్టావు.”

“దానికేమో వెళ్లాలని లేదు పాపం,” అంది అత్తగారు ఆర్డిత్‌తో, నిజంగా నొచ్చుకుంటూ. “ఎందుకో మరి, నాకూ తెలీదు.”

వైనెల్ తలెత్తి తల్లిని చూసిన చూపు ఆర్డిత్ చాలాకాలం మరిచిపోలేదు. అందులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

ఆర్డిత్‌కి లెక్క కుదరలేదు. ఇందాక తెర మీది ఆవిడ ఒక్కసారైనా వద్దనలేదే. మరి వద్దనే ముసలావిడ ఎలా గుర్తొచ్చింది? అత్తయ్యగారు వేరే సినిమా చూసి వచ్చారా, లేక మమ్మల్ని పరీక్షిస్తున్నారా? ఆవిడ కళ్లు ఎర్రగా, అమాయకంగా ఉన్నాయి. నటిస్తే ముక్కు అంతలా వాస్తుందా? ఆర్డిత్ గోడ గడియారం వైపు చూసింది. పెటస్‌గారు కొట్టు కట్టేసే వేళవుతోంది.

“అత్తయ్యగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి,” అంది. “మొన్న మీ ఇష్టమన్నారు. అంటే నిజంగా మా ఇష్టమేనా?”

మామగారు కళ్లు మూసుకున్నాడు. అత్తగారు మాత్రం ఆమెను తదేకంగా చూసింది, ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఏనాడూ తోచనట్టు. పెదవులు కదిలాయి, ఏదో చెప్పబోయి ఆగాయి. ఆ ఆగిన చోట ఏముందో ఆర్డిత్‌కి కనబడలేదు.

“మీ ఇష్టం కాక ఇంకేమవుతుందమ్మా,” అంది ఆవిడ చివరికి.

హాలిస్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. షాపు మూలనున్న టెలిఫోను గదిలోకి వెళ్లి అద్దాల తలుపు మూసుకున్నాడు. అందరూ చూస్తున్నారు. అతని పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. అటువైపు వీపు తిప్పాడు, మళ్లీ ఇటు తిరిగాడు. అత్తగారి చెయ్యి మెల్లగా కణత వైపు లేచింది. వైనెల్ ఆ చెయ్యినే చూస్తోంది. చెయ్యి టోపీ దాకా వెళ్లి, దాని పిన్ను సర్దింది. తలనొప్పి వచ్చి ఆగిపోయిందో, పిన్ను నిజంగానే జారిందో తేల్చుకోలేక ఆర్డిత్ సోడా మొత్తం ఒక్క గుక్కలో తాగేసింది.

హాలిస్ బయటికొచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. “తీసుకుంటున్నామని చెప్పాను. తాళం ఇప్పుడే ఇస్తాడట.”

“అయితే పదండి, నేనూ చూస్తాను,” అంది అత్తగారు.

విత్తనాల కొట్టు మెట్లెక్కి, ఖాళీ గదుల్లో ఆవిడ ఒక చుట్టు తిరిగింది. వంటింట్లో మామగారు అడ్డొస్తే ఇద్దరూ తగులుకున్నారు. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. మామగారు ఆ నవ్వు విని ఆవిడ మొహంలోకి కొత్తగా చూశాడు. తర్వాత ఆవిడ పడగ్గది కిటికీ దగ్గర నిలబడి, “మంచం ఇక్కడ వేస్తారేమో, ఇక్కడ బాగుండదు. తూర్పు ఎండ తిన్నగా కళ్లల్లో పడుతుంది,” అంది.

నిజమే. అదే చిక్కు. ఆవిడ చెప్పింది ఎప్పుడూ నిజమే.

“పడితే పడనివ్వండి అత్తయ్యగారూ. నాకు కిటికీ పక్కనే కావాలి,” అంది ఆర్డిత్. అని, తనే భయపడింది.

అత్తగారు చేతి తొడుగులు తొడుక్కుంది. “అలాగేనమ్మా,” అంది. ఆ ‘అలాగే’ ఎలాంటిదో ఆర్డిత్ ఎంత తరిచి చూసినా అంతుచిక్కలేదు. వాళ్లు మెట్లు దిగుతున్నప్పుడు కిందనుంచి వైనెల్ గొంతు వినబడింది. “అమ్మా, నర్సు చదువుకి మళ్లీ దరఖాస్తు పెడదామనుకుంటున్నా.” అత్తగారి జవాబు వీధిలో పోతున్న లారీ హోరులో కలిసిపోయింది.

కొత్తింట్లో మొదటి ఆదివారం పొద్దున్నే ఎండ వచ్చి నేరుగా ఇద్దరి కళ్ల మీద పడింది. హాలిస్ దిండు మొహం మీద వేసుకున్నాడు.

“అమ్మ చెప్పింది,” అన్నాడు దిండు లోపలినుంచి.

“చెప్పారు.”

“మంచం జరుపుదామా?”

ఆర్డిత్ కళ్లు చికిలించి ఆలోచించింది. జరిపితే ఆవిడ మాటే నెగ్గినట్టు. ఆవిడ చెప్పిందనే పంతానికి జరపకపోతే, అప్పుడు కూడా ఈ మంచం ఎక్కడుండాలో ఆవిడ చెప్పినట్టే. పోనీ, తనకి కిటికీ పక్కన నిజంగానే ఇష్టమా? ఎండ ఎక్కువయ్యేకొద్దీ అదీ తెలియకుండా పోతోంది.

“లే ఓసారి,” అంది.

ఇద్దరూ దిండ్లు తీసుకుని అటు తలలు ఇటు పెట్టుకుని పడుకున్నారు. ఎండ వాళ్ల పాదాల మీదికి వచ్చింది. కింద కొట్టులోంచి గడ్డివాసన తేలివస్తోంది. ఆమె వేళ్లు వెచ్చబడ్డాయి, హాలిస్ వేళ్లూ వెచ్చబడ్డాయి, కాసేపటికి ఏ వేళ్లు ఎవరివో తెలియలేదు. అప్పుడు ఆర్డిత్‌కి నవ్వొచ్చింది, ఎందుకో తెలియకుండానే. హాలిస్ ఎందుకని అడగబోయి, అడగడం మానేసి, తనూ నవ్వాడు.