ముత్యం నోరు

ఒక చేత్తో నూనె డబ్బా, ఇంకో చేత్తో మసిగుడ్డ పట్టుకుని ముత్యం మెట్లెక్కుతున్నాడు. సూరత్ పక్కన సచిన్ అనే పేటలోని ఆ కార్ఖానాలో పై అంతస్తు నిండా సాంచాలే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లు కరెంటు మగ్గాలను సూరత్‌లో కూడా అలాగే పిలుస్తారు. మెట్లు మలుపు తిరిగేచోట చిన్న కిటికీ ఉంది. దాని కింద కాసేపు కూర్చోకుండా ముత్యం పైకి పోయిన రోజు ఈ మధ్య లేదు. ఇవాళా కూర్చున్నాడు. పొద్దున్నించీ ఎడమ భుజం లాగుతోంది. నేల మీద పడుకుంటే పట్టేసిందనుకున్నాడు. అరవై దగ్గరపడ్డ ఒంటికి రోజుకొకటి పట్టేస్తూనే ఉంటుంది, దాన్ని పట్టించుకుంటే పని సాగినట్టే.

పైన రేకుల కప్పు. మే నెల ఎండకి ఆ రేకుల కింద మనిషి నిలబడడమే గొప్ప, అందులో షిఫ్టు మొత్తం నిలబడాలి. అంతకు మించిన బాధ చప్పుడు. సాంచాలు నడుస్తుంటే నెత్తిన పిడుగు పడ్డా వినబడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. పెదాలు కదుపుతారు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. కొత్తగా చేరినవాడికి దారం ముడెయ్యడం వారంలో వస్తుంది గాని, పెదాలు చదవడం ఏడాది పడుతుంది.

ముత్యానిది పెద్ద నోరు. లావుపాటి పెదాలు, ఎత్తు పళ్లు. చిన్నప్పుడు ఆ నోటిని చూసి నవ్వనివాళ్లు లేరు. పెళ్లిచూపుల్లో సారక్క కూడా నవ్విందట, ఆ మాట ఆమే ఇప్పటికీ చెప్పి ఏడిపిస్తుంది. అలాంటి నోటికి సాంచాల మధ్య ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఈ చివర నిలబడి అతను పెదాలు కదిపితే ఆ చివరివాడికి పుస్తకంలో చదివినంత స్పష్టంగా తెలిసేది. చాయ్ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా, ఎవరింట్లోనో పిల్ల పుట్టిందన్నా ముత్యమే చెప్పాలి. కళ్లు మసకబారి సాంచ మీద నుంచి దిగిపోయాక కూడా సేఠ్ అతన్ని పంపెయ్యకపోవడానికి కారణం ఆ నోరే. నూనె పొయ్యడానికి ఎవడైనా దొరుకుతాడు.

ఇంతలో కరోనా వచ్చి ఆ నోటికి గుడ్డ కట్టింది. మాస్కు లేదని పక్క కార్ఖానాకి తాళం వేశారు. అది సేఠ్ భయం. సారక్కది వేరే భయం. పోయిన నెలలో ఆమె చెల్లెలు గంగవ్వ ఆసుపత్రిలో మంచం దొరక్కుండానే పోయింది. మూడోనాడు సారక్క తన నీలం చుక్కల చీర చింపి, రెండు పొరలుగా మాస్కు కుట్టి, మొగుడి చెయ్యి తన తల మీద పెట్టించుకుంది.

“ఎవలేమన్నా తియ్యకు. నాకు నువ్వొక్కనివే ఉన్నవ్” అంది.

ముత్యం తియ్యలేదు. ఆ రోజు నుంచి సాంచాల మధ్య అతనూ అందరిలాంటి మూగవాడే.

మధ్యాహ్నం రోటీ వేళ దాటాక సేఠ్ కొడుకు చిరాగ్ కిందికి పిలిచి ఫోన్ చూపించాడు. వాతావరణం వాళ్ల మెసేజ్. సూరత్ జిల్లాలో కొన్నిచోట్ల ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు. రేకుల కింద ఉండొద్దని, పక్కా గోడల్లోకి పొమ్మని. కరోనా రాకముందు వేసవిలో గాలికి ఓ రేకు లేచి బీహారు కుర్రాడి చెయ్యి కోసేసింది. అప్పటి నుంచీ మెసేజ్ వస్తే పైవాళ్లను దింపాలని సేఠ్ నియమం పెట్టాడు. ఫోన్లు జేబుల్లో ఎంత మోగినా ఆ చప్పుడులో ఎవరికి తెలుస్తుంది? మెయిన్ స్విచ్ దించితే దారాలు తెగుతాయి. పైగా కరెంటు పోయిందనుకుని అంతా అక్కడే కాళ్లు చాపుకుంటారు. కాబట్టి ముత్యమే పోవాలి.

చిక్కేమిటంటే, ఈ వారంలో ఇది నాలుగో మెసేజ్. మొదటి రోజు అందరూ దిగారు, ఎండ కాసింది. రెండో రోజు సగం మంది దిగారు. ఆ వాన అవతల కామ్‌రేజ్ ఊళ్లో వడగళ్లతో పడిందట, ఇక్కడ చినుకు లేదు. నిన్న ఒక్కడూ కదల్లేదు. కూలీ మీటరు లెక్కన, సాంచ ఆగితే పొయ్యి ఆగినట్టే. అబద్ధం చెప్పింది ఆకాశమో, ఆ ‘కొన్నిచోట్ల’ అన్న మాటో గాని, తిట్లు తిన్నది మాత్రం ముత్యం. ఈసారి ఇంకెవరినైనా పంపమని చెప్పాలని అతనికి నోటిదాకా వచ్చింది. విసుగొచ్చింది నిజంగా. కానీ ఆ బీహారు కుర్రాడి చేతికి మసిగుడ్డ చుట్టింది తనే. అది గుర్తొచ్చి మళ్లీ మెట్లెక్కాడు.

మలుపు దగ్గర కూర్చున్నాడు. కిటికీలోంచి ఆకాశం తెల్లగా కాలిపోతోంది, మబ్బు జాడ లేదు. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది. చెమట మామూలు కంటే చల్లగా పట్టింది. ఇంకో చాయ్ తాగితే సర్దుకుంటుందనుకుని లేచాడు.

పైన గుమ్మంలో నిలబడి చేతులూపాడు. ఒకరిద్దరు చూసి తల తిప్పుకున్నారు. ఆ చివర సాంచ మీద ఉన్న దశరథం, ముత్యంతో ఒకే రైల్లో సూరత్ వచ్చినవాడు, ఇక చాల్లే అన్నట్టు చెయ్యి విసిరాడు. ఊదారంగు మసక వెలుతురు అప్పుడే వెనక రేకుల సందుల్లోకి వస్తోంది. అది మబ్బో, ముత్యం కళ్లో, అతనికే తెలియదు.

సారక్క తల మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. తర్వాత ఆ చేత్తోనే మాస్కు విప్పి మొదటి సాంచ పిడికి తగిలించాడు.

ఆ నోరు చూసి నెల దాటింది. దగ్గరివాడు చూశాడు, పక్కవాణ్ణి తట్టాడు. ఒక్కొక్కరే తల తిప్పారు. గాలివాన వస్తోంది, దిగమని ముత్యం పెదాలు కదిపాడు. ప్రాణం పోయినా మాస్కు తియ్యనివాడు తీశాడంటే మాటలా? దశరథం కూడా చూశాడు, తన మాస్కు కిందికి లాగి పెదాలు కదిపాడు.

“నిన్న గూడ గిదే చెప్పినవ్ గదనే.”

“రేపు గూడ చెప్త” అన్నాడు ముత్యం, ఒక్కో మాటా సాగదీస్తూ. “నిజమో కాదో నాకు తెల్వది. దిగుండ్రి.”

దశరథం సాంచ ఆపాడు. అది చూసి మిగతావాళ్లూ ఆపారు. చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గి, చివరి సాంచ కూడా ఆగాక, దూరంగా ఉరిమింది. ఆ మాట ఇక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

అందరూ దిగేటప్పుడు ముత్యం తన మలుపు దగ్గరే కూర్చున్నాడు. రోజూ కూర్చునే మనిషే కాబట్టి ఎవరూ ఆగలేదు, కాళ్లు తగలకుండా పక్కకి ఒదిగి దిగారు. అందరికన్నా వెనక వచ్చిన దశరథం భుజం తట్టి రమ్మంటే, నడువు వస్తానని చెయ్యి ఊపాడు. గాలి విరుచుకుపడింది. రేకులు లేచి రోడ్డు మీద పడుతున్న చప్పుడు కింద దాక్కున్నవాళ్లందరికీ వినబడింది. ఎవరి చెయ్యీ తెగలేదు.

వాన తగ్గాక దశరథం రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని మెట్లెక్కాడు. ముత్యం గోడకు తల ఆనించి ఉన్నాడు, కిటికీలోంచి జల్లు కొట్టి చొక్కా తడిసింది. నోరు కొంచెం తెరిచే ఉంది. ఏమంటున్నాడోనని దశరథం అలవాటుగా ఆ పెదాల వైపే చూశాడు. కాసేపటికి గ్లాసులు మెట్టు మీద పెట్టి పక్కన కూర్చుని ఏడ్చాడు.

గుండె అన్నారు కొందరు, ఆ రోగమే అన్నారు కొందరు. సారక్క మాస్కు ఏదని మాత్రం అడిగింది. పైన తగిలించి ఉందని చెప్పడానికి దశరథానికి నోరు రాలేదు, వెతికి తెస్తానన్నాడు.

కొత్త రేకులు వేశాక సాంచాలు మళ్లీ నడిచాయి. ఓ మధ్యాహ్నం మళ్లీ మెసేజ్ వచ్చింది. కబురు చెప్పడానికి చిరాగే స్వయంగా పైకొచ్చి, గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాడు. ఎవరికీ వినబడలేదు. దశరథం మొదటి సాంచ వైపు చూసి, తన సాంచ ఆపి, మెట్ల వైపు నడిచాడు. ఆ పిడికి నీలం చుక్కల మాస్కు ఇంకా వేలాడుతోంది, సాంచ అదురుకు అదురుతూ.