రెండు రోజుల అక్క

కృష్ణమోహన్‌గారు పుట్టింది మదనపల్లె దగ్గర. కానీ డెబ్బై ఆరేళ్ల వయసులో ఆయనకు కంఠతా వచ్చిన ఊళ్ల పేర్లు ఐర్లండులోని లీట్రిమ్ కౌంటీవి. భార్య మోరీన్ వల్ల అబ్బిన చదువు అది.

మోరీన్ న్యూజెర్సీలోనే పుట్టింది. ఆమె తల్లి బ్రిడీ ఇరవై ఏళ్లప్పుడు, 1950లో, లీట్రిమ్‌లోని డ్రమ్‌నావన్ అనే పల్లె నుంచి ఓడెక్కి వచ్చింది. తన ఊరి గురించి బ్రిడీ ఒక్క మాటే చెప్పేది: "మా దగ్గర భూమిని ఎకరాల్లో కాదు, గ్యాలన్లలో కొలవాలి." అంత చిత్తడి నేల. అంతకు మించి ఏం అడిగినా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

1998లో పోయే ముందు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని చెప్పింది. ఓడెక్కక ముందే, పెళ్లి కాకుండా తనకో ఆడపిల్ల పుట్టిందట. పేరు కాథలీన్. ఊళ్లో తలెత్తుకోలేక ఇంట్లోవాళ్లు బ్రిడీని నన్‌లు నడిపే ఒక ఆశ్రమంలో చేర్చారు. "ఒకరోజు ఉయ్యాల ఖాళీగా ఉంది. మంచి కుటుంబానికి ఇచ్చామన్నారు. ఎవరికని అడిగితే, నీకు అడిగే హక్కు లేదన్నారు."

ఆనాటి నుంచి మోరీన్ అక్క కోసం వెతుకుతూనే ఉంది. హాస్పిటల్లో నర్సు డ్యూటీ దిగి వచ్చి, న్యూజెర్సీ పిస్కాటవేలో వాళ్ల డైనింగ్ టేబుల్ మీద ఆ కౌంటీ మ్యాప్ పరుచుకుని కూర్చునేది. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లిన కరువుకు ముందు అక్కడ లక్షన్నర మంది ఉండేవాళ్లు. ఇప్పుడు ముప్పై ఐదు వేలు. పొయ్యి రగలని ఇళ్ల గుర్తులు మ్యాప్‌లో వెతికి ఏ ఇంటివాళ్లు ఏ ఓడెక్కారో రాసుకునేది.

"డ్రమ్ అంటే మిట్ట, మోహన్," అంది ఒకసారి.

"మా వైపూ అంతే. కాకపోతే మేం మిట్టని ఊరి పేరు చివర పెడతాం," అన్నారాయన.

రెండుసార్లు ఇద్దరూ అక్కడికి వెళ్లారు. ఆశ్రమం రికార్డులు ఎవరికీ చూపించం అన్నారు. కొత్త చట్టం వచ్చి ఆ తలుపులు తెరుచుకునేసరికి మోరీన్‌కి డెబ్బై దాటాయి, కడుపులో కేన్సర్ ముదిరింది. అయినా అర్జీ పెట్టింది. ఆ కౌంటీ లైబ్రరీలో పాత కాగితాలు చూసే ఊనా అనే ఆవిడ, "నేను తిరుగుతాను, మీరు పడుకోండి," అని రాసింది.

మార్చి నెలకల్లా లివింగ్ రూమ్‌లో సోఫా తీసేసి, చివరి రోజుల రోగులకిచ్చే హాస్పిస్ బెడ్ వేశారు. కూతురు దియ శాన్ రామన్ నుంచి వచ్చి ఉంది. ఒక ఉదయం ఊనా దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కృష్ణమోహన్‌గారు వంటింట్లో నిలబడి చదివి, ఫోను దియ చేతికిచ్చారు.

కాథలీన్‌ని ఎవరికీ ఇవ్వలేదు. నాలుగు నెలల పదకొండు రోజులకు న్యుమోనియాతో చనిపోయింది. ఎక్కడ పాతిపెట్టారో రాయలేదు.

దియ రెండుసార్లు చదివింది. తర్వాత గొంతు తగ్గించి, "నాన్నా, అమ్మకి చెప్పొద్దు. ప్లీజ్. ఇంకో వీక్ కూడా ఉండదు తను. దొరికింది, హ్యాపీగా ఉంది అని చెప్పేయ్," అంది.

"మీ అమ్మకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదే."

"ఈ ఒక్కసారి నాన్నా."

ఆయన వెళ్లి మంచం పక్కన కూర్చున్నారు. మోరీన్ కళ్లు తెరిచి, ఆయన ముఖంలో ఏం చూసిందో, "ఊనా రాసిందా?" అంది.

"రాసింది. దొరికింది. బాస్టన్‌లో ఉందట."

మోరీన్ ఏడ్చింది. నవ్వింది. పిల్లలున్నారా అంది. ముగ్గురన్నారు ఆయన. వారం రోజులుగా ఏమీ ముట్టని మనిషి ఆ పూట నాలుగు చెంచాల సూప్ తాగింది. ఆ తర్వాత అంది: "ఫోన్ చెయ్. ఒక్కసారి తన గొంతు వినాలి."

దీన్ని తండ్రీ కూతుళ్లిద్దరూ ఊహించలేదు. నంబరు పంపమని అడిగామన్నారు. వస్తుందన్నారు. మోరీన్ ఫోను దిండు మీద పెట్టించుకుంది. మందు మత్తు వస్తుందని, ఫోను వినపడదేమోనని మార్ఫీన్ వద్దంది. నొప్పికి పళ్లు బిగబట్టి రెండు రోజులు ఎదురుచూసింది. ఎవరు కాల్ చేసినా ఉలిక్కిపడేది.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన ఇక చూడలేకపోయారు. దియ గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపుతున్నా ఆగలేదు. "మోరీన్, నేను అబద్ధం చెప్పాను," అని మొదలుపెట్టి, ఊనా రాసిందంతా చదివారు.

ఆమె గోడవైపు తిరిగింది. మార్ఫీన్ ఇస్తే తీసుకుంది. ఆ రోజంతా అలాగే గడిచింది. మర్నాడు పొద్దున ఆమే అడిగింది.

"న్యుమోనియా అని రాశారా?"

"అవును."

"అప్పటికే పెన్సిలిన్ ఉంది మోహన్." నర్సు గొంతుతోనే అంది. "కాథలీన్‌కి సమాధి రాయి కూడా లేదు. నా రాయి మీద తన పేరు కూడా రాయించు," అంది.

"రాయిస్తాను. నన్ను క్షమించు."

"రెండు రోజులు నాకో అక్క ఉంది," అంది కళ్లు మూసుకుని. అది నిష్ఠూరమో, కృతజ్ఞతో ఆయనకు తెలియలేదు. అవే ఆమె చివరి మాటలు. ఆ తర్వాత రెండో రోజు సాయంత్రం ఇంకా వెలుగుండగానే ప్రాణం పోయింది.

జూన్‌లో రాయి పెట్టారు. మోరీన్ పేరు, దాని కింద కాథలీన్, డ్రమ్‌నావన్, కౌంటీ లీట్రిమ్. నాలుగు నెలల పదకొండు రోజులు అని కూడా చెక్కించారు. ఫొటో తీసి ఊనాకి పంపితే, ఆ పల్లె చర్చిలో ఆదివారం ప్రార్థనలో రెండు పేర్లూ చదివారని జవాబిచ్చింది.

మరోసారి రాయి దగ్గరికి వెళ్లినప్పుడు దియ తండ్రి చెయ్యి పట్టుకుంది. "అబద్ధం నా ఐడియా నాన్నా. తప్పు నీది కాదు, నాది."

"ఐడియా నీదే తల్లీ. నోరు నాది." ఆయన రాయివైపే చూస్తూ అడిగారు: "మీ అమ్మకి నా మీద కోపం పోయి ఉంటుందంటావా?"

దియ ఆయన భుజం మీద తల వాల్చేసింది.