కార్డు మీద మీసాలు

ఆ వీధిలో అందరూ ఆమెను ఫొటోల అక్క అంటారు. భర్త పోయాక మూతబడాల్సిన స్టూడియోను పదిహేడేళ్లుగా ఒంటిచేత్తో లాక్కొస్తోంది. స్టూడియో అంటే ఒక గది, నీలం తెర, తంతే తప్ప కిందికి దిగని స్టూలు. ఓటరు కార్డులకు కావలసిన ఫొటోలు వీధి మొత్తం అక్కడే దిగింది. "ఊపిరి బిగబట్టకు, నిన్నేం ఉరి తీయడం లేదు" అని ఆమె గదమాయిస్తే ఎంత ముభావంగా ఉండే మనిషైనా నవ్వాల్సిందే.

అలాంటి మనిషి సొంత కార్డు మీద గుబురు మీసాల పెద్దమనిషి బొమ్మ పడింది. పేరు ఆమెది, చిరునామా ఆమెది, మొహం ఎవరిదో. సరిచేయమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడోసారి ఎన్నికల ఆఫీసు గుమాస్తా కార్డు చూసి పగలబడి నవ్వాడు. "చిన్న పొరపాటేనమ్మా, ఎవరూ పట్టించుకోరులే" అని చేతులు దులుపుకున్నాడు.

పోలింగ్ రోజు ఆడపడుచును వెంటబెట్టుకుని బడికి వెళ్లింది. గంటసేపు వరసలో నిలబడ్డాక ఆమె వంతు వచ్చింది. పోలింగ్ అధికారి ఎక్కడో లెక్కల మాస్టారట. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కార్డు చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"ఇది మీరు కాదు కదండీ!"

"కాదు. నాకు మీసాల్లేవు, కనిపిస్తూనే ఉందిగా."

వరసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇంకో గుర్తింపు కార్డు ఏదైనా ఉందా?"

"స్టూడియో లైసెన్సు ఉంది, నా ఫొటోతో. గోడకు వేలాడుతోంది."

"అది మా జాబితాలో లేదమ్మా. పక్కకు జరగండి."

"పోనీలే వదినా, ఒక్క ఓటుకు కొంపలేం మునగవు" అంటూ ఆడపడుచు చెయ్యి పట్టుకుని లాగింది. వెనకున్న వడ్రంగి మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "అక్క ఎవరో మా అందరికీ తెలుసు సార్! అసలీ కార్డుల గోలేంటి?"

ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వుండు తమ్ముడూ. కార్డు అడగడం తప్పని నేననను. నా మొట్టమొదటి ఓటు నాకంటే ముందే ఎవరో వేసేసి పోయారు. ఏడుస్తూ ఇంటికెళ్లాను. ఆ దొంగను ఎవరైనా కార్డు అడిగుంటే బాగుండేది." తర్వాత అధికారితో, "కానీ సార్, అడిగేవాళ్లు సరైన కార్డు ఇవ్వొద్దా? తప్పు ఆఫీసుది, శిక్ష నాకా?" అంది.

"రూల్సు నేను రాయలేదమ్మా."

"రాయలేదు సరే, చదివారా?"

తలుపుకు అంటించిన నోటీసు వైపు వేలు చూపించింది. వరసలో నిలబడ్డ గంటలో దాన్ని రెండుసార్లు చదివింది. మనిషి మీద అనుమానం ఉంటే, అక్కడి ఓటర్లు ఇద్దరు సంతకం పెడితే, కాగితం మీద ఓటు వేయించి కవర్లో పెట్టి సీలు వేయాలి. మూడు రోజుల్లో ఎన్నికల ఆఫీసులో ఫొటో ఉన్న ఏ సర్కారు కాగితమైనా రుజువుగా చూపిస్తే ఆ ఓటు లెక్కలో చేరుతుంది.

అధికారి మెడ తిప్పి నోటీసు చూశాడు. "ఆ కవర్లు ఎవరూ అడగరండీ. సామాను పెట్టె అడుగున ఎక్కడో ఉంటాయి. సాయంత్రం రండి చూద్దాం."

"నేను అడుగుతున్నాను."

గోడవారగా ఉన్న పిల్లల బెంచీ లాక్కుని దాని మీద కూర్చుంది. మహిళా కానిస్టేబులు వచ్చి లేవమంది. "ఇక్కడ కూర్చోకూడదని ఆ నోటీసులో ఎక్కడుందో చూపించమ్మా, లేస్తాను" అంది ఆమె. ఏడుస్తూ ఇంటికెళ్లే వయసు ఎప్పుడో దాటిపోయింది.

అరగంట గడిచింది. వరసలో ఎవరో చదవడం మొదలుపెడితే నోటీసు చుట్టూ జనం మూగారు. చివరికి అధికారి లేచి, పెట్టె బోర్లించి, కవర్ల కట్ట బయటికి తీశాడు. వడ్రంగి సంతకం పెట్టాడు. రెండో సాక్షి ఎవరని అడిగితే ఆడపడుచు ముందుకొచ్చింది.

"ఈవిడ ఆవిడేనని మీకెలా తెలుసు?"

"ఇరవై ఏళ్లుగా రోజూ పోట్లాడుతున్నాను. ఇంత మొండిది ఇంకొకతె ఉంటుందా?"

ఆమె ఓటు వేసి, తన కళ్ల ముందే సీలు వేయించింది.

మర్నాడు స్టూడియో మూసి, లైసెన్సును ఫ్రేముతో సహా చంకలో పెట్టుకుని ఎన్నికల ఆఫీసుకు వెళ్లింది. పెద్ద అధికారిణి లైసెన్సు మీది ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, ఓటు లెక్కలో చేర్చమని సంతకం పెట్టింది. "ఈ ఊళ్లో కవరు అడిగింది మీరొక్కరే" అంది.

"మిగతావాళ్లను పక్కకు జరగమని చెప్పి ఉంటారు, జరిగిపోయారు. వాళ్ల ఓట్లకెవరు పూచీ?"

అధికారిణి ఆ మాటను కాగితం మీద రాసుకుంది.

ఫలితాలు వచ్చాయి. ఆమె ఓటేసిన మనిషి చిత్తుగా ఓడిపోయాడు. "ఇంత యుద్ధం చేసింది దీనికా?" అని ఆడపడుచు దెప్పింది. "ఓడితే ఓడనీ. ఆ ఓడిన ఓట్లలో నాదీ ఉంది" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమే నాలుగో అర్జీ పట్టుకుని గుమాస్తా కిటికీ దగ్గరికి వెళ్లింది. "అక్కడ పెట్టి వెళ్లండమ్మా, చూస్తాం" అన్నాడతను తలెత్తకుండా.

"వెళ్లను. ముద్ర వేసి రసీదు ఇవ్వు."

వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఆమెను జరగమనలేదు. గుమాస్తా గొణుక్కుంటూ ముద్ర కోసం సొరుగు లాగాడు.