టెస్సా గదికి తలుపు

సగం ఆరేసిన దుప్పటిని తీగమీద అలాగే వదిలేసి నెరీడా ఫోను కోసం వంటింట్లోకి పరుగెత్తింది. బర్నీ ఊరి సముద్రపు గాలి సంగతి తెలిసినవాళ్లెవరూ క్లిప్పు పెట్టకుండా దుప్పటి వదలరు. కానీ వంటింటి బల్ల దగ్గర కూర్చున్న అత్తగారు థెల్మా అప్పటికే "ఫోను మోగుతోంది" అని రెండుసార్లు కేకేసింది. ఆవిడ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంటుంది ఫోను. అయినా ఆ ఇంట్లో ఫోను ఎత్తడం నెరీడా పని.

ఫోను సిడ్నీ నుంచి. ప్రచురణ సంస్థలో ఆమె నవలలు చూసే మార్గో మాట్లాడుతోంది.

"నెరీడా, నవల బాగుంది. అమెరికాలో సినిమా కంపెనీ వాళ్లకీ నచ్చింది. ఒక్కటే తిరకాసు. పదకొండో అధ్యాయం తీసెయ్యమంటున్నారు."

"ఎందుకట?"

"అందులో టెస్సా తన గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది కదా. టెస్సా గదికి తలుపు లేదట."

'నక్షత్రాల అంచు' సినిమాలు నాలుగు వచ్చాయి. అయిదోది వచ్చేదాకా జనం ఆకలి చల్లారకుండా కథను ముందుకు నడిపే నవలలు రాసేవాళ్లలో నెరీడా ఒకతె. అందులో కెప్టెన్ గ్యారిక్ ఉంటాడు, అతని ఓడ పెట్రెల్ ఉంటుంది, ఆ ఓడకి చుక్కల మధ్య దారి చూపించే టెస్సా ఉంటుంది. ఓడతో సహా అంతా సినిమా కంపెనీ సొత్తు. వాళ్లతో కథ రాయడమంటే అద్దె ఇంట్లో ఉన్నట్టే. గోడకి మేకు కొట్టకూడదు, రంగు మార్చకూడదు, వెళ్లేటప్పుడు ఎలా ఉన్నది అలా అప్పజెప్పాలి. నవల చివరికి ఎవరూ చావకూడదు, ఎవరికీ పెళ్లి కాకూడదు, ఎవరూ జుట్టు కూడా కత్తిరించుకోకూడదు. ఈ పద్ధతి నెరీడాకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పెళ్లయిన దగ్గర్నించి ఆమె ఉంటున్నది అత్తగారి ఇంట్లో. అక్కడ ఉప్పుడబ్బా కూడా పక్కకి జరిగితే సాయంత్రానికల్లా మళ్లీ దాని చోటికి వచ్చేస్తుంది.

"తలుపు బదులు తెర అని మార్చుకుంటే ఉంచుతారేమో," అంది మార్గో. "సినిమాలో తెర ఉందిట. ఒకసారి చూసి చెప్పు."

నెరీడా పెరట్లోకి వెళ్లింది. దుప్పటి మట్టిలో పడి ఉంది. దాన్ని మళ్లీ నానబెట్టి, చేతులు తుడుచుకుని, రెండో సినిమా క్యాసెట్టు పెట్టింది. గ్యారిక్ గది వచ్చింది. పెద్ద ఇనప తలుపు, పక్కన ఎర్రదీపం. ఆ తర్వాత టెస్సా ఉండే చోటు వచ్చింది. అక్కడ బొమ్మ ఆపి, ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. నిజమే. టెస్సాది గది కానే కాదు. ఓడ నడిపే గదిని ఆనుకుని గోడలో గూడులాంటిది ఉంది, దానికి బూడిదరంగు తెర కట్టి ఉంది. గ్యారిక్ తన కుర్చీలోంచి తల తిప్పకుండానే "టెస్సా" అంటాడు, తెర జరుగుతుంది, ఆమె జుట్టు ముడేసుకుంటూ బయటికి వస్తుంది. నాలుగు సినిమాల్లోనూ అంతే. అతను పిలిచినప్పుడల్లా ఆమె వచ్చింది. ఓడ బతికింది.

ఆ సినిమాని ఈ ఊళ్లో నెరీడా అన్నిసార్లు చూసినవాళ్లు ఎవరూ ఉండరు. టెస్సా బూటుకి ఏ వైపు గీత ఉందో చెప్పగలదు. అలాంటిది తలుపు లేదని ఎలా చూడలేదు? ఆలోచిస్తూ తల ఎత్తితే, ఎదురుగా తను రాసుకునే చోటు కనిపించింది. వంటింటి వెనక వరండాకి అద్దాలు బిగించి చేసిన సన్నటి గది అది. అందులో ఓ మూల టైపురైటరు, రెండో మూల బట్టలుతికే మిషను. పెరట్లోకీ, స్నానాలగదికీ దారి అదే. పిల్లలు తువ్వాలు కోసం అటే వెళ్తారు, భర్త మెర్వ్ బూట్ల కోసం అటే వెళ్తాడు, అత్తగారు ఊరికే గాలి కోసం అటే వెళ్తుంది. వంటింటికీ దానికీ మధ్య గుమ్మం ఉంది, తలుపు లేదు. లేదని చూడటం ఆమె ఎప్పుడో మానేసింది.

ఒకప్పుడు ఉండేది. కొత్త ఫ్రిజ్ లోపలికి పట్టడం లేదని మెర్వ్ ఊడదీశాడు. "మళ్లీ పెట్టేస్తాలే" అన్నాడు. మెర్వ్ చేసే పనే తలుపులు బిగించడం. బర్నీలో సగం ఇళ్ల తలుపులు అతని చేతిమీదుగా నిలబడ్డవే. ఓ రెండేళ్లు పోయాక గుర్తు చేస్తే, "తలుపెందుకు నీకు, నువ్వు ఎగరేసేది రాకెట్లే కదా, బాంబులేం చెయ్యట్లేదుగా" అని నవ్వాడు. చెడ్డవాడు కాదు మెర్వ్. ఆమె కాళ్లు చల్లగా ఉంటాయని మంచం ఆమె వైపు ముందే వెచ్చబెట్టే మనిషి. ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవడో "ఏం మెర్వ్, మీ ఆవిడ ఇవాళ ఏ గ్రహంమీదుంది, టీ పెట్టడానికి దిగుతుందా" అంటే, ఆ మాట ఇంటికి తెచ్చి ఆమెకే చెబుతాడు, ఇద్దరూ కలిసి నవ్వుకోవచ్చని. ఆమె నవ్వేది. నవ్వడం కూడా ఇంటిపనే, దాన్ని మాత్రం ఎవరూ పనిలో జమకట్టరు. పుస్తకం అట్టమీద పూర్తి పేరు వేస్తే మగపిల్లలు కొనరని ఎన్. జె. ట్రాంటర్ అని వేశారు. ఆ పేరు చూసి, రాసింది అతనేననుకుని స్కూల్లో పిల్లలు మెర్వ్‌ని సంతకం అడిగారు. అతను సరదాగా పెట్టేశాడు కూడా. ఆ రోజూ నవ్వింది.

పదకొండో అధ్యాయంలో జరిగేదేమీ లేదు. యుద్ధం అయిపోయింది, ఓడ ఒక చీకటి చంద్రుడి చాటున ఆగింది. టెస్సా తలుపేసుకుని కూర్చుంటుంది. ఎవరూ పిలవరు. అంతే. నెరీడా దాన్ని ఒక్క బిగిన రాసింది, ఇల్లంతా మ్యాచికి పోయిన ఓ శనివారం. ఎందుకు రాస్తోందో తెలీదు, కానీ రాస్తున్నంతసేపూ కళ్లు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి. తను రాసినవాటిల్లో అదొక్కటే నిజంగా తనదనిపించింది. అది పోతే ఆ పుస్తకంలో మిగిలేదంతా పేలుళ్లే.

"నువ్వు తిప్పి తిప్పి చూస్తున్నది ఆ పిల్ల గదేనా?" వెనకనించి థెల్మా అడిగింది.

నెరీడా ఉలిక్కిపడి బొమ్మ ఆపేసింది. "మీకెలా తెలుసు థెల్మా?"

"బల్లమీద పారేసి పోతావుగా కాగితాలు. చదివాను. ఆ తుపాకుల గోలంతా వదిలేస్తాననుకో. ఆ పిల్ల తలుపేసుకునేది మాత్రం మళ్లీ మళ్లీ చదివాను."

ఇన్నేళ్లలో తను రాసినదాని గురించి అత్తగారు అన్న మాటల్లో, ఆ టైపు చప్పుడుకి తలనొప్పొస్తోందన్నది ఒకటే నెరీడాకి గుర్తుంది. "ఆ గదికి తలుపు లేదట, తీసెయ్యమంటున్నారు. ఎలాగూ అందులో ఏమీ జరగదుగా" అంది.

"జరక్కపోవడమే కదా అందులో సంగతి." థెల్మా కుర్చీ లాక్కుని మెల్లిగా కూలబడింది. "కానీ ఒకటి అడుగుతాను. లోపల కూర్చుని ఆ పిల్ల ఏం ఆలోచించుకుంది? అది రాయలేదు నువ్వు."

నెరీడా ఆ పేజీలు గుర్తు చేసుకుంది. నిజంగానే రాయలేదు. కూర్చుంది అని రాసింది, చేతులు ఒళ్లో పెట్టుకుంది అని రాసింది, దీపం తగ్గించింది అని రాసింది.

"నాకు తెలీదు," అంది చివరికి.

"నాకూ తెలీదు. తెలుస్తుందేమోననే మళ్లీ మళ్లీ చదివాను." థెల్మా కిటికీలోంచి బయటికి చూస్తోంది. "మీ మామగారు రెజ్ ఉన్నన్నాళ్లూ నేను గడియ వేసుకోగలిగింది పెరట్లో మరుగుదొడ్డి ఒక్కటే. దానికీ బయట్నించి తట్టేవాడు, నా బూట్లెక్కడున్నాయే అని. బూట్లు తన కాళ్లకే ఉండేవి ఒక్కోసారి."

నెరీడాకి నవ్వొచ్చింది. ఈసారి ఎవరి కోసమూ తెచ్చుకోలేదు, అదే వచ్చింది. థెల్మా కూడా నవ్వింది, భుజాలు కదిలేలా. ఈ ముసలావిడని తను ప్రేమించగలనని నెరీడా ఎప్పుడూ అనుకోలేదు. ఉప్పుడబ్బా జరిగితే సణిగే మనిషికి, ఆ డబ్బా చోటు తప్ప తనదని చెప్పుకునేందుకు ఈ ఇంట్లో మరేదీ ఉండేది కాదేమో. అది తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం నెరీడా టైపురైటరు ముందు కూర్చుంది. తెర అని మార్చి చూద్దాం, పోయేదేముంది అనుకుంది. టెస్సా తెర లాక్కుంది. ఆ వాక్యం కింద రెండోది రాయబోతే, తెర అవతల గ్యారిక్ గొంతు వినిపించింది. కొట్టేసింది. ఈసారి గ్యారిక్‌ని నిద్రపుచ్చింది. వంటవాడు గిన్నె పారేశాడు. వాడినీ కొట్టేసింది. ఎవరూ పిలవకపోయినా టెస్సా చెవులు తెర వైపే ఉన్నాయి. కాగితం మీద కూడా ఆమెని కుదురుగా కూర్చోబెట్టలేకపోయింది. ఆ మధ్యలో బట్టల మిషను ఆగి దుప్పటి తీయాల్సి వచ్చింది, కొడుకు వచ్చి బ్రెడ్డు అడిగాడు, కూతురు వచ్చి ఇస్త్రీపెట్టె అడిగింది. పాపం, వాళ్ల తప్పేముంది. గుమ్మం తెరిచే ఉంది, అమ్మ కూర్చునే ఉంది.

మర్నాడు వాన. పని ఆగిపోయి మెర్వ్ ఇంట్లోనే ఉన్నాడు, బల్లమీద టోస్టు తింటూ పేపరు చదువుకుంటున్నాడు. నెరీడా అతని పక్కనే నిలబడి సిడ్నీకి ఫోను చేసింది.

"తెర కుదరదు మార్గో. రెండో అధ్యాయంలో టెస్సా తలుపు తనే బిగించుకుంటుంది. పాత ఓడల సామానులోంచి ఓ తలుపు తెచ్చుకుంటుంది."

"సరే, బిగించుకోనీ. చివర్లో ఊడిపోతుందిగా మళ్లీ? ఏ యుద్ధంలోనో ఎగిరిపోయిందని రాసెయ్యి."

"ఎగిరిపోదు. అక్కడే ఉంటుంది."

"నెరీడా, అయిదో సినిమాలో కూడా అదే సెట్టు. అక్కడ తెరే ఉంటుంది. పద్ధతి నీకు నేను చెప్పాలా?"

"పద్ధతి తెలుసు. సినిమాకి తలుపు వద్దనుకుంటే వాళ్లే వచ్చి ఊడదీసుకోమను. నా చేత్తో నేను తియ్యను."

"వాళ్లు పుస్తకం ఇంకొకరి చేతిలో పెడతారు," అంది మార్గో నెమ్మదిగా. "నువ్వు రాసింది కూడా వాళ్లదే, తిరిగి రాదు. పేజీలూ పోతాయి, పనీ పోతుంది. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను." "ఆ అధ్యాయం ఎలాగూ పూర్తికాలేదు. టెస్సా లోపల కూర్చుని ఏం ఆలోచించుకుందో ముందు నాకు తెలియాలి. ఆ సంగతి నేను వాళ్ల ఓడలో కూర్చుని కనుక్కోలేను."

"సరే, ఇలాగే రాసి పంపిస్తాను," అని, ఫోను పెట్టేసేముందు మార్గో అంది, "నాకూ ఇష్టమే ఆ అధ్యాయం. నీకు చెప్పలేదంతే."

నెరీడా ఫోను పెట్టేసింది. మెర్వ్ టోస్టు చేతిలోనే ఆగిపోయింది.

"ఒక తలుపు కోసం పుస్తకం వదిలేసుకున్నావా?"

"అవును."

"అసలు లేని తలుపు కదే అది. సినిమాలోది."

"మెర్వ్, నాకూ ఒక తలుపు కావాలి. ఇక్కడ." వరండా గుమ్మం చూపించింది. "షెడ్డులో ఉన్నవాటిల్లో ఏదైనా సరే. ఇవాళే."

అతను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. రోజూ దాటే గుమ్మాన్ని పనివాడి కళ్లతో చూసుకున్నట్టున్నాడు. చట్రం మీద బొటనవేలుతో తడిమాడు. బందులు ఊడదీసిన చోట గుంటలు, వాటిమీద రంగు.

"నేనే కదూ తీశాను."

"నువ్వే."

"అడగాల్సింది."

"అడిగాను మెర్వ్."

అతను ఆమెవైపు చూశాడు. జోకు వెయ్యబోయి మానుకున్నాడు. అతని చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. నెరీడాకి జాలేసింది, దగ్గరికెళ్లి పోనీలే అనాలనిపించింది. అనలేదు. ఆ ఒక్క మాటని ఈసారి లోపలే ఉంచుకుంది.

"తలుపేసుకుంటే మరి అమ్మ పిలిస్తే వినబడదేమో," అన్నాడు.

"నేను పిలవను," అంది థెల్మా ముందుగదిలోంచి. "మాటలు కట్టిపెట్టి కొలతలు తీసుకో."

మెర్వ్ వానలోనే ట్రక్కు దాకా వెళ్లి టేపు తెచ్చాడు. పైనించి కిందికి కొలిచాడు, అడ్డంగా కొలిచాడు, పెన్సిలు చెవిమీద పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. కొత్త ఇళ్లవాళ్లని రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు, కాకపోతే కాస్త మెల్లిగా.

"గడియ ఎటువైపు పెట్టమంటావు?"

"లోపలివైపు," అంది నెరీడా.