రాయబారి తట్ట మోసిన రోజు

మా గుణశేఖరన్‌ను రాయబారిగా వేశారన్న సంగతి మా ఊరు సోగత్తూరులో అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. నేను ఎవరినీ ఏదీ అడగను కాబట్టి నాకెవరూ ఏదీ చెప్పరు. కూడలిలో ఫ్లెక్సు కట్టాక తెలిసింది.

గుణశేఖరన్ నా చిన్నాన్న కొడుకు. నేను మేస్త్రీని. పదిహేడో ఏట నా దగ్గరే సిత్తాలుగా చేరాడు. సిత్తాలు అంటే కింద నిలబడి సిమెంటు తట్ట అందించేవాడు. వాడు ఎన్ని తట్టలు మోశాడో నాకు గుర్తులేదు గానీ, మోస్తూ మాట్లాడిన మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. వాడు కథ ముగించేలోపు తట్టలో కలిపిన సిమెంటు మాలు గట్టిపడేది. సిత్తాలు నోరు తెరవకూడదని, గోడ మీద ఉన్నవాడే కేక వేయాలని వాడికి నేర్పింది నేనే. అది మా పనిలో కట్టుబాటు. పైవాడి కేక వినబడకపోతే ఇటుక కాలి మీద పడుతుంది.

రెండేళ్ళకు తట్ట దించేశాడు. సెంట్రింగు రేకులు బాడుగకిచ్చాడు. తర్వాత ఇటుకల బట్టీ, తర్వాత హోసూరులో ఫ్యాక్టరీలకు షెడ్లు, తర్వాత సొంత కంపెనీ. కంపెనీల సంఘానికి పెద్దయ్యాడు. చివరికి ఢిల్లీ వాళ్ళు పిలిచి, సముద్రం మధ్యలో ఉన్న ఒక దేశానికి మన తరఫున పొమ్మన్నారు. ఆ దేశం మా పాలక్కోడు తాలూకా అంత ఉంటుందట. అక్కడ మాట్లాడటమే ఉద్యోగమని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. నలభై ఏళ్ళుగా మేం ఊరికే విన్నదాన్ని ఇప్పుడు వాళ్ళు జీతమిచ్చి వింటారు.

ఇక ఆ ఫ్లెక్సు సంగతి. కంపెనీ ఆఫీసు వాళ్ళు చేయించారు. మధ్యలో నిలువెత్తు గుణశేఖరన్, కోటు, టై, నల్లగా మెరిసే బూట్లు. చుట్టూ చుట్టాల మొహాలు నలభై రెండు. నాది రేషన్ కార్డులోంచి తీశారు. కోడి దొంగతనంలో దొరికినవాడిలా ఉన్నాను. అయినా ఉన్నాను. అట్టడుగు వరసలో కాళియప్పన్ మొహం పెట్టారు. సరిగ్గా దాని మీదికే గుణశేఖరన్ కుడి బూటు వచ్చింది. జుట్టు, కాస్త నుదురు తప్ప ఏమీ కనబడదు.

కాళియప్పన్ అంటే గుణశేఖరన్ కోడలు తమిళరసికి అన్న. మహేంద్రమంగళంలో టమాటా పండిస్తాడు. ఫ్లెక్సులో తన మొహం ఉందని విని, పెళ్ళాన్నీ ఇరుగుపొరుగువాళ్ళనూ బస్సెక్కించుకుని చూపించడానికి వచ్చాడు. కూడలిలో దిగాడు. పైకి చూశాడు. తిరుగు బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, అందులోనే ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆదివారం గుణశేఖరన్ మనవరాలు కనిమొళికి చెవులు కుట్టాలి. మాలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా బిడ్డ చెవికి సూది తగలదు. ఆ మేనమామ కాళియప్పన్. అతను రానన్నాడు. మంగళవారం గుణశేఖరన్‌కు విమానం. మళ్ళీ వచ్చేసరికి ఎన్నేళ్ళవుతుందో. మనవరాలి చెవులకు కమ్మలు చూడకుండా విమానమెక్కాలంటే వాడికి అన్నం దిగడం లేదని తమిళరసి చెప్పింది.

ఫ్లెక్సు దించేశారు. మేనేజరు పళ్ళ బుట్టతో వెళ్ళాడు. బుట్ట తిరిగొచ్చింది. శుక్రవారం పొద్దున గుణశేఖరన్ కారు నా ఇంటి ముందు ఆగింది.

"అన్నా, ఎక్కు. మహేంద్రమంగళం పోదాం."

"నేనెందుకు?"

"నువ్వు ఊరికే నిలబడితే చాలు, పెద్దమనిషి లెక్క ఉంటాది. మాట్లాడేది నేను చూసుకుంటా."

"అదే భయం," అన్నాను.

దారంతా వాడు కోటు సర్దుకుంటూ అభ్యాసం చేశాడు. "ఢిల్లీలో ట్రైనింగు ఇచ్చినారన్నా. ఎదుటోడు కోపంగా ఉంటే ముందు పాత స్నేహం గుర్తు చేయాలంట. తర్వాత చింతిస్తున్నట్టు చెప్పాలంట. తప్పు మాత్రం ఒప్పుకోకూడదంట."

నేను కిటికీలోంచి టమాటా తోటలు చూశాను.

కాళియప్పన్ ఇంటి పక్కన ఆవుల కొట్టానికి గోడ కడుతున్నాడు. మేస్త్రీ రాలేదని తానే మొదలుపెట్టాడట. కారు చూసి కూడా ఇటు తిరగలేదు.

"ఎవరు మాదేశ్వరీ వచ్చింది?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"మామ వచ్చినాడు."

"ఏ మామ? బూటు మామా?"

గుణశేఖరన్ గొంతు సవరించుకున్నాడు. "కాళియప్పా, నీ కుటుంబానికీ నా కుటుంబానికీ ఉండే సంబంధాలు ఈనాటివి కావు. రెండు పక్కలా మంచి మనసుతో..."

"మైకు తెచ్చుకోలేదా మామా?"

"జరిగినదానికి చింతిస్తున్నాను. అది కంప్యూటరు చేసిన పని."

"కంప్యూటరుకు బూట్లు ఉంటాయా?"

మాదేశ్వరి చెంగుతో నోరు మూసుకుంది. గుణశేఖరన్ ఆగలేదు. సంబంధాలు బలపరుచుకోవాలన్నాడు, ముందుచూపు కావాలన్నాడు. వాడు ఒక్కో మాట అనేకొద్దీ కాళియప్పన్ ఒక్కో ఇటుక టప్పుటప్పున పెట్టాడు. చివరికి తాపీ ఆపి, మొదటిసారి మా వైపు తిరిగాడు.

"నా కూతుర్ని స్కూల్లో అడగతా ఉండారు మామా, మీ నాయన మొహం ఏడ అని. ఏం చెప్పాల అది? బూటు ఎత్తి చూడండి అనాలా?"

దానికి ఢిల్లీలో ఏమీ నేర్పినట్టు లేదు. గుణశేఖరన్ మళ్ళీ సంబంధాల దగ్గరికే పోయాడు.

నేను గోడనే చూస్తున్నాను. పై రెండు వరసల దగ్గర గోడ కడుపు ఉబ్బి బయటికి వచ్చింది. పక్కనే దూడను కట్టేశారు. అక్కడున్న దారానికి గోడ నిటారు చూసే గుండు కట్టి పైనుంచి వేలాడదీశాను. గోడకూ దారానికీ మధ్య రెండు వేళ్ళ సందు.

"ఏం పెద్దమామా?" అన్నాడు కాళియప్పన్.

"రెండు వరసలు తీయాల."

అతను దారం వైపు చూశాడు, దూడ వైపు చూశాడు, పక్కకి జరిగాడు. నేను బోర్లించిన డ్రమ్ము ఎక్కి ఇటుకలు ఊడదీశాను. ఒక పక్క నేను, ఇంకో పక్క అతను. ఇటుక తడిపి, అలవాటు కొద్దీ వెనక్కి చూడకుండా కేక వేశాను.

"మాలు!"

వెనక మాటలు ఆగిపోయాయి. కాసేపటికి తట్ట వచ్చింది. అందుకుంటూ చూస్తే, తట్ట కింద గుణశేఖరన్. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. కోటు ఆవు గుంజకు వేలాడుతోంది. కాళ్ళకు బూట్లు లేవు.

"అన్నా, ఈ మాలులో నీళ్ళు కొంచెం..."

"సిత్తాలు నోరు తెరవకూడదు."

మూసుకున్నాడు. కాళియప్పన్ అది విని, పరీక్షించడానికన్నట్టు మెల్లగా, "మాలు," అన్నాడు. తట్ట అటు పోయింది. కాసేపటికి కాస్త గట్టిగా, "మామా, మాలు!" ఆ తర్వాత అతనికి రుచి పట్టింది. "పల్చగా ఉండాది, ఇంకా గట్టిగా కలుపు!" అన్నాడు. గుణశేఖరన్ తల ఊపి, పారతో కలిపి తెచ్చాడు. ఆనాడు బస్సులో వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు కంచె దగ్గర చేరారు. "ఇదే కదా ఆ బూటు?" అని ఒక ముసలామె గడప దగ్గరున్న జతను చూపించింది. ఒక బూటు దారం దూడ నములుతోంది. గుణశేఖరన్ అది చూశాడు. చూసి కూడా నోరు తెరవలేదు. రెండు గంటలు. వాడు అంతసేపు నోరు మూసుకుని ఉండటం నేను చూసింది అదే మొదలు.

గోడ గుండుకు సరిగ్గా నిలిచాక కాళియప్పన్ దిగాడు. గుణశేఖరన్ కాలివేళ్ళ సందుల్లో సిమెంటు ఎండిపోయి ఉంది. కాళియప్పన్ బిందె తెచ్చి ఆ కాళ్ళ మీద తానే నీళ్ళు పోశాడు.

"రుద్దుకో మామా. సిమెంటు తోలు కొరుకుతాది."

గుణశేఖరన్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"తప్పయిపోయింది కాళియప్పా," అన్నాడు. అంతే అన్నాడు.

కాళియప్పన్ ఖాళీ బిందె కింద పెట్టాడు. "ఆదివారం ఎన్ని గంటలకు?"

"తొమ్మిదికి."

మాదేశ్వరి లోపలికి పోయి చిన్న డబ్బీ తెచ్చి మూత తీసింది. ఆవగింజంత ఎర్రరాళ్ళు పెట్టిన కమ్మలు. "మూడు నెలల ముందే చేయించి పెట్టినాడు. దినామూ తీసి చూసేది, మూసేది," అంది.

"నువ్వు ఊరికే ఉండు," అని కాళియప్పన్ ఆమె మీద కసిరి, గుణశేఖరన్ వైపు తిరిగాడు. "మేనమామ సీరు, బట్టలు, నగలు, అంతా నేనే తెస్తా. నువ్వు మధ్యలో దూరొద్దు. ఫ్లెక్సు గిక్సు ఏమీ కట్టొద్దు."

ఆదివారం కనిమొళి మేనమామ ఒళ్ళో కూర్చుంది. చెవులు కుట్టే ఆచారి సూది తీయగానే అతని మీసం రెండు చేతులా పట్టుకుని లాగింది. బిడ్డ ఏడ్చింది, అతనూ ఏడ్చాడు, మీసం నొప్పికేనన్నాడు. కమ్మలు రెండు చెవులకూ పడ్డాయి. గుణశేఖరన్ వంగి వాటినే చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వాడికి పందిట్లో ఎవరో మైకు పెట్టి ఉండటం కనబడింది.

"పెద్దలారా, ఈ శుభ సందర్భంలో మన రెండు కుటుంబాల మధ్య ఉన్న సంబంధాలు..."

కాళియప్పన్ తల కూడా తిప్పలేదు. బిడ్డ వీపు నిమురుతూనే కేక వేశాడు.

"మామా, మాలు!"

రాయబారి మైకు కింద పెట్టి, బెల్లం పప్పుల తట్ట ఎత్తుకుని పంచడానికి పోయాడు.